ఉప్పు ఎల్లప్పకు పెట్టిన భోజనం

“ఈ శ్లోకంలో మొదటి మూడు పాదాలూ బాగానే ఉన్నాయి, గురువుగారూ. కుటుంబం కోసం ఒకరిని వదులుకోమన్నారు. ఊరి కోసం కుటుంబాన్ని, దేశం కోసం ఊరిని వదులుకోమన్నారు. నాలుగో పాదానికి వచ్చేసరికి ఆత్మ కోసం, అంటే తన కోసం, భూమినంతా వదిలెయ్యమంటున్నారు. ఇంత చెప్పీ చివరికి స్వార్థమేనా?” అని మార్కండేయులు అడిగాడు.

శేషగిరి అవధానిగారు ఇలాంటి చోట వ్యాఖ్యానాల జోలికి పోయేవారు కాదు. ఉత్తరీయం సర్దుకుని, తమ తాతగారి నోట విన్న సంగతి ఒకటి చెప్పారు.

గుండ్లవరం పక్క కొండమీద ఖిల్లేదారు కోట కట్టిస్తున్నాడు. అందులో ఒక బురుజు ఎన్నిసార్లు లేపినా కూలిపోతోంది. నరబలి ఇస్తే తప్ప నిలవదని ఎవరో అతని చెవిన వేశారు. అమావాస్యనాటికి ఊరు ఒక మనిషిని అప్పగించాలనీ, లేదంటే పైర్లతో సహా ఊరిని తగలబెడతాననీ అతను కబురు పంపాడు.

పెద్దకాపు బసివిరెడ్డి చావడిలో పెద్దలను కూర్చోబెట్టాడు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడలేకపోయారు. చివరికి ఒకరు ఎల్లప్ప పేరెత్తారు. అతను గాడిదమీద ఉప్పు తెచ్చి అమ్ముకునే పరాయివాడు. జ్వరం తగిలి కమ్మరి పాకలో పడి ఉన్నాడు. వెనకా ముందూ ఎవరూ లేరు. పురోహితుడు యజ్ఞన్న ఈ శ్లోకంలోదే మొదటి ముక్క చదివి, శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అమావాస్య ఉదయం ఎల్లప్పకు వేణ్ణీళ్లు పోసి, కొత్త పంచె ఇచ్చి, బసివిరెడ్డి ఇంట్లోనే విస్తరి వేశారు. రెడ్డి భార్య ఓబుళమ్మ వడ్డించింది. జ్వరం విడిచిన ఆకలి, పాపం ఆవురావురుమని తిన్నాడు. ఆమె నెయ్యి వేస్తుంటే తలెత్తి, “ఇయ్యాల మీ ఊళ్లో ఏం పండగమ్మా?” అన్నాడు.

ఓబుళమ్మ చెయ్యి ఆగిపోయింది. గిన్నె అక్కడే పెట్టి, అరుగుమీద కూర్చున్న పెద్దల ముందుకు వచ్చి నిలబడింది.

“ఏం పండగని అడుగుతుండాడు. మీలో ఒకరు లోపలికొచ్చి చెప్పండి.”

ఒక్కరూ కదల్లేదు. బసివిరెడ్డి లేచి, “బండ్లు కట్టండి. పొద్దువాలక ముందే ఊరంతా ఏరు దాటాల,” అన్నాడు.

యజ్ఞన్న నిర్ఘాంతపోయాడు. “జొన్న కంకి మీదుంది, రెడ్డీ! నీకేమైనా మతి పోయిందా?”

“అయ్యవారూ, ఆ శ్లోకం మీరు చదివినంత వరకేనా? ఇంకేమన్నా ఉందా?”

యజ్ఞన్న ఇంటికి పోయి పెట్టె సర్దుకున్నాడు.

ఆఖరి బండి కదిలాక బసివిరెడ్డి తన ఇంటి కప్పుకు తానే నిప్పంటించాడు. ఇల్లు నిలబడి ఉంటే మళ్లీ తన మనసు వెనక్కి లాగుతుందని భయపడ్డాడట. కోట మనుషులు వచ్చేసరికి ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు.

ఆ వలస తేలిగ్గా సాగలేదు. వానలు పట్టుకున్నాయి, తిండి అయిపోయింది. దారిలో పసివాళ్లు పోయారు, ముసలివాళ్లు పోయారు. రెడ్డి తల్లి కూడా పోయింది. ఎల్లప్ప బతికాడు. తామంతా ఎందుకు బయలుదేరారో అతనికి చివరిదాకా ఒక్కరూ చెప్పలేదు.

మార్కండేయులు ముందుకు జరిగాడు. “ఒక్కడి కోసం అంతమందా! అదీ ముక్కూ మొహం తెలియని వాడి కోసం. లెక్క తప్పింది కదా, గురువుగారూ!”

“తప్పింది, నాయనా,” అన్నారు అవధానిగారు. “కాని, భూమిని వదిలారేగాని మనిషిని వదల్లేదు. దారిలో పోయిన ప్రతివాళ్ల తలా చివరిదాకా ఎవరో ఒకరి ఒళ్లోనే ఉంది.”