మూడు ముక్కల ఇల్లు

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఈ కథ మొదలయ్యేనాటికి అందులో సగమే మిగిలింది. ఆ వేసవిలో కార్చిచ్చు రేగి వారం రోజులు తగలబడింది. పెద్ద పెద్ద మద్దిచెట్లు, వాటి తొర్రలు, ఆ తొర్రల్లో కాపురాలు అన్నీ బూడిదయ్యాయి. ప్రాణాలతో మిగిలిన జంతువులు నల్లటి మోడుల కింద కూర్చుని రోజూ ఆకాశం వంక చూసేవి. మబ్బు రావాలని కాదు. మబ్బు వస్తుందేమోనన్న భయంతో. మృగశిర కార్తె పదిహేను రోజుల్లో ఉంది. వానలు పట్టేలోపు ఇల్లు దొరక్కపోతే పసివాళ్లున్న తల్లులు ఏమైపోవాలి?

ఏటి ఒడ్డున కొన్ని ఈతచెట్లు కాలకుండా మిగిలాయి. అక్కడ పీచయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గిజిగాడంటే మీకు తెలుసుగా, తలకు పసుపు రాసుకున్నట్టుండే పిచ్చుకంత పిట్ట. ఆకు చీల్చి, పీచు తీసి, ముక్కుతో ముడులు వేసి, సొరకాయలా వేలాడే గూడు అల్లుతుంది. గూటి లోపల తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తుంది. మిణుగురుల్ని ఆ మట్టిలో గుచ్చి దీపాలు పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. కాలేజీలో చదివే రోజుల్లో నేను రాలిపడిన గూళ్లు నాలుగైదు విప్పి చూశాను. మిణుగురులు లేవు. మట్టి ఉంది. ఆ మట్టి గూటికి బరువు. బరువుంటేనే గాలికి గూడు తిరగబడకుండా నిలుస్తుంది.

పీచయ్యకు ఒక ఆలోచన వచ్చింది. "గూడు కొమ్మ మీదే ఎందుకు అల్లాలి? నీడపట్టున నేల మీద కూర్చుని ముక్కలుగా అల్లేస్తాను. అడుగు ఒక ముక్క, కప్పు ఒక ముక్క, దారి గొట్టం ఒక ముక్క. ఎవరిది వాళ్లు మోసుకుపోయి నచ్చిన కొమ్మకు బిగించుకుంటారు. ఒక్క పూటలో ఇల్లు!"

ముళ్లపంది వచ్చి చూసి వెక్కిరించింది. "ఇది ఇల్లా, బుట్టా?"

"నీ బొరియ ఎన్నాళ్లు తవ్వావు మామా?"

"రెండేళ్లు."

"మరి వాన రెండేళ్లు ఆగుతుందా?"

ముళ్లపంది ముళ్లు విదుల్చుకుంటూ వెళ్లిపోయింది. నేను ముళ్లపంది పక్షం కాదు పిల్లలూ. చదువుకునే రోజుల్లో మేం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. మంచం వాలిస్తే తలుపు తెరుచుకునేది కాదు. అంత హాయిగా మళ్లీ ఏ ఇంట్లోనూ నిద్రపోలేదు. ఈ మధ్య మా ఊరి పక్కన రోడ్డు పనివాళ్ల కోసం గోడలు, కప్పు విడివిడిగా లారీలో తెచ్చారు. మధ్యాహ్నానికి బిగించేశారు, సాయంత్రం అందులో అన్నం వండుకున్నారు. ఆ వంకాయ కూర వాసన నాకు ఇంకా గుర్తే. సరే, కథలోకి వద్దాం.

మొదట రాజ్యం అనే చిలక వచ్చింది. అడుగు ముక్క ఎత్తబోయి అమ్మో అంది. "ఏం పెట్టావయ్యా ఇందులో, బండరాయా? నా ముక్కు ఊడేట్టుంది!"

"మట్టి అక్కా. గాలికి ఆగాలిగా."

రాజ్యం గొణుక్కుంటూనే మోసుకుపోయింది.

తర్వాత నూకాలు అనే చుంచెలుక మొగుణ్ణీ ఆరుగురు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చింది. ఇంటిల్లిపాదీ లాగి లాగి, సగం దారిలో వదిలేసి తిరిగొచ్చింది. "బాబూ, ఇల్లు అడిగితే కొండ అంటగట్టావేంటి? మా ఆయన నడుం పట్టేసింది!"

వరసలో నిలబడ్డవాళ్లంతా గొల్లున నవ్వారు. పీచయ్యకు తల కొట్టేసినట్టయింది. పైగా ఏరు ఎండిపోయింది. తడిమట్టి కావాలంటే రెండు గుట్టలు దాటి మడుగు దాకా ఎగరాలి. ఒక్కో ఇంటి మట్టికి ఒక పూట పడుతోంది. వరస చూస్తే ముప్ఫై కుటుంబాలు.

ఆ రోజు నుంచి పీచయ్య మట్టి మానేశాడు. ఇల్లు దూదిలా తేలికైంది. అందరూ "ఆహా పీచయ్యా, ఇదీ పనితనమంటే" అన్నారు.

ఒక్క మేనత్త పొరకమ్మ మాత్రం గూట్లో తల పెట్టి చూసింది. "ఒరే పీచిగా, మట్టి ఏదిరా?"

"బిగించుకున్నాక వాళ్లే పెట్టుకుంటారత్తా."

"ఆ సంగతి వాళ్లతో చెబుతున్నావా?"

"చెబుతాలే."

చెప్పలేదు. చెబితే "అయితే ఇది సగం ఇల్లేనా" అంటారని అతని భయం. మెప్పు రుచి మరిగాక ఆ మాట వినడం కష్టం.

ఒకరోజు చారమ్మ అనే ఉడుత వచ్చింది. నిండు చూలాలు. మొగుడు మంటల్లో పోయాడు. ఆమె మిగతావాళ్లలా మెచ్చుకుని ఊరుకోలేదు. గోరుతో గోకింది, లోపల దూరింది, బయటికొచ్చి కూర్చుంది.

"తమ్ముడూ, ఇది గాలికి ఆగుతుందా?"

"ఆగుతుందక్కా."

"తిరగబడదుగా? నేను ఒంటరిదాన్ని. మేతకు పోయినప్పుడు పిల్లల్ని ఇందులో వదిలే వెళ్లాలి."

"మా ముత్తాతల నాటి నుంచి ఇలాంటి గూళ్లలోనే పిల్లల్ని పెంచాం. ఒక్కటైనా తిరగబడిందని విన్నావా?"

"మరి నేను చేసుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?"

మాట పీచయ్య నోటిదాకా వచ్చింది. వరసలో వెనక పదిమంది చెవులు రిక్కించి వింటున్నారు. పీచయ్య వాళ్ల వంక చూశాడు.

"ఏం అక్కర్లేదక్కా. బిగించుకుని హాయిగా పడుకో."

చారమ్మ నమ్మింది. ఏటి మీదకి వంగిన తుమ్మకొమ్మ చివర ఇల్లు బిగించుకుంది. అక్కడికైతే పాములు రావని ఆమె ఆలోచన. నాలుగు రోజులకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ఒక్కొక్కటి వేలెడంత. కళ్లు కూడా తెరవలేదు.

పదోనాటి మధ్యాహ్నం చారమ్మ నేరేడు చెట్టు మీద ఉంది. పడమట దుమ్ము లేచింది. పండు వదిలేసి పరుగెత్తింది. దూరం నుంచే ఇల్లు కనబడింది. బొంగరంలా తిరుగుతోంది. కొమ్మ దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది, గొట్టం ఆకాశం చూసింది, మళ్లీ కిందికి దిగింది. గొట్టంలోంచి ఒక పిల్ల జారింది. రెండోసారి తిరిగింది. ఇంకో పిల్ల. ఎక్కడో ఎగువన కురిసిన వానకు కింద ఏరు ఎర్రగా పొంగుతోంది. చారమ్మ గొట్టంలోకి తల దూర్చి మూడోదాన్ని నోట కరుచుకుంది. అంతలో ముడి తెగింది. ఆమె కొమ్మను పట్టుకుని మిగిలింది. ఇల్లు నీళ్లలో పడి, మరీ తేలికైనది గనక, ఏ మాత్రం మునగకుండా తేలుకుంటూ పోయింది.

గాలి తగ్గాక పీచయ్య ఎగురుకుంటూ వచ్చాడు. వెనకే పొరకమ్మ.

"ఇలాంటి గాలి నేను పుట్టి ఎరగనక్కా. ఏం గాలి ఇది, పాడు గాలి."

"అదే గాలికి నా గూడు ఊగింది, తిరగబడలేదు," అంది పొరకమ్మ. "నువ్వు మట్టి పెట్టిచ్చిన రాజ్యం గూడూ అలాగే ఉంది. గాలిని ఎందుకురా తిడతావు?"

పీచయ్య తల దించుకున్నాడు. "రేపటికల్లా ఇంకోటి అల్లిస్తానక్కా. మట్టి పెట్టి, నేనే మోసుకొచ్చి..."

చారమ్మ పిల్లను పొట్ట కింద పెట్టుకుని ఉంది. గొంతు పెంచలేదు.

"మట్టి పెట్టాలని నీకు తెలుసా?"

"తెలుసు."

"నేను అడిగానా?"

"అడిగావు."

"ఒక్క మాట చెప్పి ఉంటే నేనే తెచ్చుకునేదాన్ని తమ్ముడూ. ఆ పొట్టతోనే రెండు గుట్టలు దాటి మూతితో తెచ్చుకునేదాన్ని. బరువని నేనేమైనా అన్నానా?"

పడమట మబ్బు లేస్తోంది. అది చూసి పీచయ్య పొరకమ్మ వైపు తిరిగాడు. "అత్తా, ఇంకా ఇరవై తొమ్మిది ఇళ్లు ఇలాగే వేలాడుతున్నాయి. మోసుకుపోయారు గానీ, ఎవరు ఏ కొమ్మకు కట్టుకున్నారో నేను చూడలేదు."

చెట్టుచెట్టూ తిరిగే చారమ్మకు తెలుసు. ఆమె కాసేపు ఏటి వంక చూసింది. తర్వాత పిల్లను నోట కరుచుకుని లేచింది. పక్క చెట్టుకు దూకి, ఆగి, వెనక్కి చూసింది.

ఆమె ముందు, పీచయ్య వెనక. ప్రతి ఇంటి దగ్గరా ఆమె ఆగేది. పీచయ్య ఇంటివాళ్లను పిలిచి చెప్పేదాకా కదిలేది కాదు. "ఈ ఇంట్లో మట్టి లేదు. లేదని నేను మీకు చెప్పలేదు." కొందరు తిట్టారు. కొందరు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. చెప్పగానే అందరూ ఇప్పుడు తడిసిన ఏటి ఒడ్డుకు పరుగెత్తి ఎవరి మట్టి వాళ్లు తెచ్చుకున్నారు. బరువని ఒక్కరూ అనలేదు.

దారి పొడవునా చారమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నోట్లో పిల్ల ఉంది. లేకపోయినా మాట్లాడేది కాదనే నేను అనుకుంటాను.

ఇరవై ఆరు ఇళ్లకు చేరారు. మిగతా మూడింటి దారిలో ఉండగానే గాలితో వాన దిగింది.

నీతి: ఇల్లు చిన్నదైతే తప్పులేదు, తేలికైతే తప్పులేదు, అందులో ఏం తక్కువో తెలిసి కూడా, అడిగినవాళ్లకు చెప్పకపోవడమే తప్పు.