చెంపదెబ్బల బడి

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఊఁ కొడుతూ విను. మధ్యలో నిద్రొస్తే పడుకో, నేనేమీ అనుకోను. ఇది కాస్త దిగులు కథే, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊరు. ఊరి చుట్టూ జీడితోటలు. ఆ ఊరికి ఒక బడి, ఆ బడికి ఒక మాస్టారు. పేరు వరహాలు మాస్టారు. మంచాయనే సుమా! జ్వరమొచ్చినా బడి మానేవాడు కాదు. పిల్లలంతా చదువుకోవాలని ఆయనకి మహా తాపత్రయం. కానీ దండం దశగుణం భవేత్ అని చిన్నప్పుడు వాళ్ళ మాస్టారు నేర్పాడు. ఈయన దాన్నే పట్టుకు వేళ్ళాడాడు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. మాస్టారు ప్రశ్న వేస్తాడు. చెప్పలేనివాళ్ళు నిలబడాలి. చెప్పినవాళ్ళు లేచి వెళ్ళి, నిలబడ్డవాళ్ళ ముక్కు ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద ఒక్కటివ్వాలి. మాస్టారు తన చెయ్యి ఎత్తడు. అంతా పిల్లల చేతే కొట్టిస్తాడు. సిగ్గొస్తే చదువొస్తుందని ఆయన నమ్మకం.

ఆ బడిలో అసిరి అని ఒక పిల్ల ఉండేది. చదువులో చురుకు. ఏదడిగినా ఠక్కున చెప్పేది. దాని పక్కన చాప మీద పైడి కూర్చునేది. ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే గొడుగులో నడిచిన నేస్తాలు. పైడికి ఎక్కాలు అంత తొందరగా వచ్చేవి కావు. కానీ దాని బుర్ర నిండా ప్రశ్నలే.

ఒకరోజు పైడి లేచింది. "మాస్టారూ, వేసంగిలో మన బడి బావిలో నీళ్ళు ఎక్కడికెల్లిపోతాయండీ?" అంది.

మాస్టారు మొహం చిట్లించాడు. "పాఠంలో లేనిది అడుగుతున్నావంటే పాఠం రాలేదన్నమాట. ఏదీ, ఏడో ఎక్కం చెప్పు" అన్నాడు. పైడి సగంలో ఆగిపోయింది. అప్పుడు అసిరి లేచి, నేస్తం కదా అని, చెంప మీద అలా తాకించి వదిలేసింది. "దూదితో తుడుస్తున్నావా? ఈసారి ఇలా కొడితే ఆ దెబ్బ నీకు పడుతుంది!" అని మాస్టారు గదమాయించాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పైడి మళ్ళీ లేచింది. "గుడ్డులో ఉన్న కోడిపిల్లకి ఊపిరెలా ఆడతాదండీ?" అంది. మాస్టారు మళ్ళీ ఎక్కం అడిగాడు, పైడి మళ్ళీ ఆగిపోయింది. ఈసారి అసిరి కాస్త గట్టిగానే కొట్టింది.

ఆ తర్వాత పైడి మూడోసారి లేచింది. "సున్నాని ఎన్నిసార్లు హెచ్చేసినా సున్నాయే కదండీ, మరి హెచ్చెయ్యడం దేనికండీ?" అంది. పిల్లలందరూ కిసుక్కుమన్నారు. మళ్ళీ ఎక్కం, మళ్ళీ ఆగిపోవడం. అసిరికి చిరాకేసింది. దీని పక్కన కూర్చున్నందుకు నాకూ తలవంపులే కదా అనుకుంది. అప్పుడు లాగిపెట్టి కొట్టింది. అయిదు వేళ్ళూ తేలాయి. "శభాష్!" అన్నాడు మాస్టారు. ఆ మాటకి అసిరికి ఎంత సంతోషమైందో! పాపం, అప్పుడు దానికేం తెలుసు?

పైడి ఏడవలేదు. కూర్చుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళకి బడికే రాలేదు. వాళ్ళమ్మతో జీడిపిక్కలు ఒలిచే పనికి పోతోందని తెలిసింది. అసిరి పక్కన చాప ఖాళీ అయిపోయింది.

పైడిని చూసి మిగతా పిల్లలు కూడా తెలివి తెచ్చుకున్నారు. నోరు తెరిస్తేనే కదా తప్పు బయటపడేది? అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చోవడం నేర్చుకున్నారు. బడి ఎంత క్రమశిక్షణగా ఉందోనని ఊరంతా మెచ్చుకుంది.

ఒకరోజు మాస్టారు పరధ్యానంలో నల్లబల్ల మీద ఏడెనిమిదులు యాభైనాలుగు అని రాశాడు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఏడెనిమిదులు యాభైనాలుగు!" అన్నారు. మళ్ళీ అన్నారు. పలకల మీద కూడా రాసుకున్నారు. బల్ల తుడవబోతూ మాస్టారు తన తప్పు తనే చూసుకుని తెల్లబోయాడు.

"ఒరే, ఒక్కరికీ తెలియలేదా? అసిరీ, నీకూ తెలియలేదూ?" అన్నాడు.

"తెలుసండి" అంది అసిరి.

"మరి చెప్పలేదేం?"

"బయ్యమేసిందండి."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "పైడి ఉంటే అడిగేది" అన్నాడు. అసిరికి దుఃఖం ఆగలేదు. ఎలాగైనా పైడిని మళ్ళీ తన పక్కన కూర్చోబెట్టుకోవాలని ఆ పూటే అనుకుంది.

సాయంత్రం కొంగున బెల్లం జీళ్ళు కట్టుకుని పైడి ఇంటికి వెళ్ళింది. పైడి తలుపు తియ్యలేదు. జీళ్ళు గడప మీద పెట్టి వచ్చేసింది. పొద్దున చూస్తే వాటికి చీమలు పట్టి ఉన్నాయి.

అప్పుడు అసిరి మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్ళింది. పైడి అరుగు మీద పిక్కలు ఒలుస్తోంది. జీడి రసం అంటి వేళ్ళు నల్లగా బొబ్బలెక్కి ఉన్నాయి. "పైడీ, బడికి రావేమే తల్లీ?" అన్నాడు మాస్టారు మెత్తగా.

అది ప్రశ్నే కదా మరి! పైడి దిగ్గున లేచి నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తన ముక్కు తనే ఎడంచేత్తో పట్టుకుని, చెంప అసిరి వైపు తిప్పింది. అసిరి కొయ్యబారిపోయింది. మాస్టారు కండువాతో మొహం కప్పుకుని అక్కడినుంచి వెళ్ళిపోయాడు.

మర్నాడే ఆయన చెంపదెబ్బలు మానిపించాడు. ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా అది.

ఆ తర్వాత అసిరి మూడోసారి ఒక్కత్తే వెళ్ళింది. పైడి పక్కన కూర్చుని తనూ నాలుగు పిక్కలు ఒలిచింది. "పైడీ, ఇప్పుడు బళ్ళో ఎవరూ ఎవరినీ కొట్టరు. నన్ను నువ్వే ఏదైనా అడుగు. నాకు రాకపోతే నా ముక్కు పట్టుకో. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా కొట్టు" అంది.

పైడి చాలాసేపు ఆలోచించింది. ఆకాశం కేసి చూసింది, ఇంటి ముందు బావి కేసి చూసింది.

"ఏటడగాలే? నాకేటీ రావట్లేదు" అంది.

కోపంతో అన్నది కాదే అమ్మా. నిజంగానే రాలేదు. ఆ పిల్ల బుర్రలో తేనెటీగల్లా ముసిరే ప్రశ్నలన్నీ ఎటో ఎగిరిపోయాయి. పైడి ఇంక బడికి రాలేదు.

వింటున్నావా? ఊఁ.

బడి మారడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. కొట్టడం ఒక్క పూటలో మానెయ్యొచ్చు, భయం అంత తొందరగా పోతుందా? మాస్టారు రోజూ పాఠానికి ముందు "మీకు తెలియనిది ఒకటి చెప్పండర్రా" అనేవాడు. మొదట్లో ఎవరూ చెప్పలేదు. అప్పుడు తనే తనకి తెలియనిది ఒకటి చెప్పేవాడు. అందరూ కలిసి దాని సంగతి చూసేవారు. అలా అలా ఒక్కో నోరే తెరుచుకుంది. మాస్టారు ముసలివాడై పోయాక, అసిరి చదువుకుని వచ్చి అదే బళ్ళో పంతులమ్మ అయింది. అప్పటికి ఆ బళ్ళో ప్రశ్నలు సంతలో అరుపుల్లా వినిపించేవి.

పైడికి పెళ్ళయింది. నూకాలు అని కూతురు పుట్టింది. నూకాలు అసిరి దగ్గరే చదువుకుంది. అచ్చం తల్లి పోలికే, నోరు ఊరుకోదు.

ఒకరోజు అసిరి పిల్లలతో "ఇవాళ ఇంటికెళ్ళి మీ అమ్మకి తెలియనిది ఒకటి అడిగి రండి" అంది. పైడి ఏమంటుందో చూద్దామని నూకాలుతో పాటు తనూ నడిచింది. పైడి అదే అరుగు మీద కూర్చుని పిక్కలు ఒలుస్తోంది.

"అమ్మా, వేసంగిలో బావి నీళ్ళు ఎక్కడికెల్లిపోతాయే?" అంది నూకాలు.

అసిరి చటుక్కున తలెత్తింది. ఆ ప్రశ్న ఎవరిదో దానికి తెలుసు. ఇప్పుడైనా పైడి నవ్వుతుందేమోనని ఆశగా చూసింది.

పైడి పిక్కలు వదిలేసి లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. నల్లటి వేళ్ళతో తన ముక్కు తనే పట్టుకుంది.

నూకాలు పకపకా నవ్వింది. అలాంటిది ఆ పిల్ల ఎన్నడూ చూసింది కాదు మరి, ఆటేమో అనుకుంది. "అమ్మా, ముక్కెందుకే పట్టుకున్నావ్?" అంది. తల్లి కళ్ళు తెరవలేదు. నూకాలు పంతులమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండి, పంతులమ్మగారూ. మా అమ్మ ముక్కెందుకు పట్టుకుంది?"

ఆ బళ్ళో ఏ ప్రశ్నకైనా "చూద్దాం రా" అనే అసిరి, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం తల వంచుకుని నిలబడిపోయింది.

కథ నడిచె కంచికి, కునుకు వచ్చె కంటికి,
చెప్పలేని జవాబొకటి మిగిలి వచ్చె మనింటికి.