వంటావిడ ఆవలింత

దేవతల రాజు ఓడిన్‌కి ఒక సాయంత్రం ఏమీ తోచలేదు. "నా సభలో అందరికంటే ధైర్యవంతుడు ఎవడో తేల్చండి. వాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను, కోరింది ఇస్తాను" అన్నాడు.

అది మామూలు సభా? యుద్ధాల్లో పోయిన వీరులంతా అక్కడే ఉంటారు. పొద్దున్నే ఒకళ్లనొకళ్లు నరుక్కుని చస్తారు. సాయంత్రానికి లేచొచ్చి భోజనానికి కూర్చుంటారు. తిన్నంతసేపూ ఎలా చచ్చారో చెప్పుకుంటారు. వంటావిడ యోరున్‌కి ఆ గొప్పలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

ఊల్ఫార్ అనే వీరుడు గడ్డం దువ్వుకుంటూ లేచాడు. "ఇంకెవరు ప్రభూ, నేనే! నా కోరిక ఒక్కటే. ఈ యోరున్‌ని మంచులోకి గెంటేయండి. నిన్న నా చావు వర్ణిస్తుంటే మొహం మీదే ఆవలించింది!"

బయట తిరిగేవాళ్లు మంచు రాక్షసులు. దొరికితే ఎముక కూడా మిగలదు.

"ఏమ్మా, నిజంగా ఆవలించావా?" అని అడిగాడు ఓడిన్.

"ఆవలించాను ప్రభూ. ఆ చావు వినడం నలభయ్యోసారి."

సభ గొల్లుమంది. ఊల్ఫార్ మొహం కందగడ్డ అయింది.

"ఇతనికంటే ధైర్యవంతుణ్ణి చూపించు. చూపించలేకపోతే బయటికి నడు" అన్నాడు రాజు.

యోరున్ మాంసం వడ్డిస్తూ వచ్చి ఊల్ఫార్ దగ్గర ఆగింది. "అయ్యా, ఇంతకీ మీ ధైర్యం ఏమిటండీ?"

ఊల్ఫార్ పెద్ద ముక్క నోట్లో కుక్కుకున్నాడు. "రోజూ చస్తాను. మర్నాడు మళ్లీ చావడానికి వస్తాను. అలాంటివాడు ఇంకొకడుంటే చూపించు, మోకరిల్లి దణ్ణం పెడతాను!"

"ఉన్నారండీ. ఆయన చేతిలో కత్తి కూడా ఉండదు."

"ఎక్కడ? నా ముందుకి రమ్మను!"

"వచ్చేశారండీ. మీరు నములుతున్నది ఆయన్నే."

అందరూ తమ పళ్లేల్లోకి చూసుకున్నారు.

"ఈ పందిని రోజూ నేనే కోస్తాను. తెల్లారేసరికి బతికి దొడ్లో నిలబడుతుంది, మళ్లీ నా కత్తి కిందికి వస్తుంది. మీరు చచ్చి మా బుర్రలు తింటారు. ఇది చచ్చి మీ కడుపులు నింపుతుంది. పైగా ఇన్నేళ్లలో ఒక్కనాడైనా గొప్పలు చెప్పుకుందా?"

ఓడిన్‌కి ఉన్నది ఒక్క కన్నే. నవ్వీ నవ్వీ అందులోంచి నీళ్లు కారాయి. వంటింట్లోంచి పంది తల తెప్పించి తన పక్క ఆసనం మీద పెట్టించాడు. చేతి బంగారు కడియం తీసి యోరున్‌కి తొడిగాడు.

"ఊ, దణ్ణం పెట్టు!" అన్నాడు ఊల్ఫార్‌తో.

నోట్లో ముక్క మింగలేక, కక్కలేక, ఆ మహావీరుడు పంది తల ముందు మోకరిల్లాడు. సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.