మరిగే నీళ్లకు ఇరవై ఎనిమిది డిగ్రీలు

ముందు మీరు చెప్పండి. ఒక కారు ఉంది. తోలేది ఒక్కడే డ్రైవరు. తిరిగే దారి అదే, ఎక్కే మనుషులూ వాళ్లే. అయినా కొన్నాళ్లుగా పెట్రోలు నీళ్లలా అయిపోతోంది. ఇంజన్లో ఏ లోపమూ లేదని మెకానిక్ తేల్చేశాడు. మీకేం కనపడింది? నసగకుండా చెప్పండి. దొంగ కనపడ్డాడు కదూ?

చెన్నకేశవులుకూ అదే కనపడింది. వాడు చూసి ఊరుకోలేదు. నలుగురిలో నోరు తెరిచి చెప్పాడు.

ప్రొద్దుటూరు బైపాసు రోడ్డు మీద దస్తగిరి మెకానిక్ షెడ్డు ఉంది. దస్తగిరిని అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో కేశవులు చురుకైనవాడు. కారుకు తగిలించి లోపాలు చదివే స్కానరు చేతికొచ్చాక వాడి నడకే మారిపోయింది.

పత్తిమిల్లు నారపరెడ్డి తన పాత కారు తెచ్చిన రోజున ఉస్తాద్ ఊళ్లో లేడు. కేశవులు స్కానరు తగిలించాడు. లోపాలేమీ లేవని తెర మీద పడింది.

"దీంట్లో కంప్యూటర్ ఉంటాది రెడ్డిగారూ, ఈసీయూ అంటారు," అన్నాడు. "గాలి ఎంత లోపలికి పోతాంది, ఇంజను ఎంత వేడెక్కింది, కాలు ఎంత తొక్కినారు, అన్నీ సెన్సర్లు దానికి చెప్తాయి. అది లెక్క చూసుకోని, రెప్పపాటు కంటే తక్కువసేపు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు తెరిచి మూస్తాది. చుక్క ఎక్కువ పోనీదు. అబద్ధం చెప్పేదానికి అదేమన్నా మనిషా?"

"మరి నా పెట్రోలు ఏమైపోతాందబ్బా?"

"బండి తాగలేదు. తాగినోళ్లెవరో మీరే అడగండి."

డ్రైవరు ఓబులేసు పక్కనే నిలబడి ఉన్నాడు. తల నెరిసిన మనిషి. "బండి కాగినాక పెట్రోలు వాసన కొడ్తాంది నాయనా. వెనక గొట్టమంతా మసి. ఒకసారి వంగి చూడు," అన్నాడు.

"కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా మామా?"

షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. నారపరెడ్డి నవ్వలేదు. ఓబులేసు వైపు ఒక్క చూపు చూశాడు, అంతే. ఓబులేసు తాళంచెవి బానెట్ మీద పెట్టి, ఎర్రటి ఎండలో రోడ్డు వెంబడి నడిచి వెళ్లిపోయాడు. దొంగ డ్రైవరన్న పేరు ఆయన కంటే ముందే ఊళ్లోకి చేరింది. మళ్లీ ఎవ్వరూ ఆయన చేతికి తాళం ఇవ్వలేదు.

మిల్లుకు కొత్త డ్రైవరు వచ్చాడు. పెట్రోలు మాత్రం అట్లే పోతోంది. నారపరెడ్డి మళ్లీ షెడ్డుకొచ్చి కారు దిగీ దిగకముందే అడిగాడు. "ఏమయ్యా కేశవులూ, ఈయప్ప గూడా దొంగేనా? ఊళ్లో డ్రైవర్లంతా దొంగలేనా, లేకుంటే నా కారేమన్నా దొంగల్ని కంటాందా?" సమాధానం కోసం ఆగలేదు. కారు అక్కడే వదిలి మిల్లుకు వెళ్లిపోయాడు.

కేశవులు, ఈసారి షెడ్డులోనే ఉన్న ఉస్తాద్ వైపు తిరిగాడు. "ఆ కంప్యూటరే పోయినట్టుంది ఉస్తాద్. ఈసీయూ మార్చేద్దాం."

ఉస్తాద్ కారు వెనక్కి నడిచాడు. వంగి పొగగొట్టంలో వేలు తిప్పాడు. వేలు నల్లగా వచ్చింది. ఇంజను చల్లారేదాకా నులకమంచం మీద కూర్చున్నాడు. తర్వాత ఇంజన్లో వేడిని కనిపెట్టే సెన్సరు విప్పి, దాని వైరు దానికే ఉంచి, తాళం తిప్పాడు. పక్కన టీ అంగడి నుంచి గిన్నెలో మరిగే నీళ్లు తెప్పించి, సెన్సరును అందులో ముంచాడు.

"ఎంత చూపిస్తాంది?"

కేశవులు స్కానరు చూశాడు. "ఇరవై ఎనిమిది డిగ్రీలు."

ఉస్తాద్ కాసేపు ఆగాడు. "ఇప్పుడు?"

"ఇరవై ఎనిమిదే."

"అయితే చల్లటి నీళ్లే. నీ చేతికి గ్రీజు అయింది కదా, కడుక్కో."

గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. కేశవులు చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏంరా? అబద్ధం చెప్పదంటివంట కదా."

"లోపం లేదనే పడింది ఉస్తాద్..."

"ఇరవై ఎనిమిదంటే మామూలు అంకె. దానికి తప్పని ఎట్ల తెలుస్తాది? పొద్దున బండి తీసేటప్పుడు అంతే ఉంటాది. బండి కాగినాక గూడా అంతే ఉందేమని నువ్వు కదరా చూడాల్సింది."

కేశవులు గిన్నెలోకే చూస్తూ నిలబడ్డాడు. నెమ్మదిగా తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఇంజను కాగిపోతావున్నా చల్లగానే ఉందని ఇది చెప్తాంది. చల్లగుంటే పెట్రోలు ఎక్కువ కావాలని ఆ కంప్యూటర్ పోస్తానే ఉంది. పాపం, దానిదేముంది ఉస్తాద్, చెప్పినోని మాట నమ్మి..."

మాట అక్కడే తెగింది.

ఉస్తాద్ వాడి ముఖం వైపు చూడలేదు. కొత్త సెన్సరు బిగించాడు. స్టార్టు చేసి, బండి కాగేదాకా ఉంచాడు. తెర మీద అంకె ఒక్కొక్కటే పెరుగుతూ పోయింది. ఇంజను చప్పుడు నిమ్మళించింది. వాసన లేదు. ఆయన తాళంచెవిని గుడ్డతో తుడిచి కేశవులు చేతిలో పెట్టాడు.

"పోయి ఏం చెప్పమంటారు ఉస్తాద్?"

"ఆ పొద్దు ఎంత గట్టిగా చెప్పినావో, అంత గట్టిగా చెప్పు."

కేశవులు కారు రోడ్డెక్కించాడు. కూడలి దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఎడమకు తిరిగితే మిల్లు. నారపరెడ్డి కారు కోసం ఎదురుచూస్తుంటాడు. కుడికి తిరిగితే ఓబులేసు ఉండే వీధి. ఆ ఇంట్లో ఎవరూ వీడి కోసం ఎదురుచూడటం లేదు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

ఇందాక దొంగను చూసింది మీరూ కదా. స్టీరింగు ఇప్పుడు మీ చేతిలో పెడుతున్నాను. ఎటు తిప్పుతారు?