కడిగిన పెరుగుకుండ

రక్తపరీక్షలో వైరస్ కనపడలేదని డాక్టరు చెప్పిన రోజునుంచీ అంకారావు మందులు మానేశాడు.

బట్టలు కుట్టుకుని బతికే మనిషి. హెచ్ఐవి ఉందని తేలాక సుబ్బమాంబగారి దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. పల్నాడులో మా పుట్టింటివాళ్ళందరికీ ఆవిడే గురువు. ఆదివారం సాయంత్రాలు ఆవిడ వసారాలో భజన జరిగేది. మా అమ్మ అక్కడే ఉండి చూసిన సంగతి ఇది.

ఎండాకాలం. ఆ ఆదివారం పొద్దున్నే అంకారావు వచ్చి దణ్ణం పెట్టాడు. గురుకృప వల్ల జబ్బు పోయిందనీ, సాయంత్రం అందరిముందూ ఆ మాట చెప్పడానికి సెలవిమ్మనీ అడిగాడు. భజనకి వచ్చేవాళ్ళలో అవే మందులు మింగేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారని ఆవిడకి తెలుసు.

"డాక్టరు మానెయ్యమన్నాడా?" అని అడిగారు.

లేదన్నాడు. డాక్టరు చెప్పింది తన బుర్రకెక్కలేదన్నాడు. ఒంటికి కాపలా కాసే కణాల్లోకే ఆ వైరస్ దూరుతుందట. వాటి రాతలో తన రాత కలిపేసి, వాటిచేతనే తనలాంటివాటిని పుట్టిస్తుందట. మందు ఆ పుట్టుకని ఆపుతుందట. కానీ కొన్ని కణాలు దాన్ని లోపల పెట్టుకుని నిద్రపోతాయట. వాటిని మందు ఏమీ చెయ్యలేదట, పరీక్షకీ దొరకవట.

"కనపడనిది ఉందంటే ఎట్లా నమ్మేదమ్మా?"

"దేవుడు నీకు కనపడ్డాడా ఏంటి?" అని ఆవిడ నవ్వి, వంటింట్లోంచి పెరుగుకుండ తెచ్చిచ్చారు. "ముందు దీన్ని కడుక్కురా."

ఏళ్ళ తరబడి పెరుగు తోడుపెట్టిన మట్టికుండ. అంకారావు బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి తెచ్చాడు. ఆవిడ లోపల చెయ్యి పెట్టి చూడమన్నారు. వాసన చూడమన్నారు.

"ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదమ్మా."

పొద్దున కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నాయి. అతనిచేతనే సగం ఆ కుండలో పోయించారు. చుక్క తోడు కూడా వెయ్యనివ్వలేదు. మిగతా సగం పాలకుండలో దాలిమీద పెట్టించారు. వంటింటి మూల పిడకలు నిదానంగా రాజుకునే గుంట అది. ఆ సెగ ఆరనంతసేపూ పాలు పాలలాగే ఉంటాయి.

సాయంత్రం జనం వచ్చి కూర్చున్నారు. అంకారావు ఇస్త్రీచొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆవిడ అతన్ని లోపలికి పిలిచి, రెండు కుండల మూతలూ తియ్యమన్నారు.

దాలిమీది పాలు ఎర్రగా కాగి మీగడ కట్టి ఉన్నాయి. కడిగిన కుండలో పెరుగు పేరుకుని ఉంది.

"తోడు ఎవరేశారు నాయనా?"

అంకారావు కుండ కొంచెం వంచాడు. పెరుగు జారలేదు. కుండ అంచుని వేలితో తడుముతూ నిలబడ్డాడు. బయట తాళాలు మొదలయ్యాయి.

"చెబుతానన్నావుగా, పద."

అతను కుండమీద మూత పెట్టాడు. "రేపు ఆస్పత్రికి మొదటి బస్సు ఎన్నింటికమ్మా?" అన్నాడు.

"ఏడింటికి. మానేసిన సంగతి కూడా డాక్టరుకి దాచకుండా చెప్పు."

తలూపాడు.

ఆవిడ వసారాలోకి వెళ్ళబోతూ గడపదగ్గర ఆగారు.

"దాలి ఆరిపోయేట్టుంది. ఇంకో పిడక వేసి రా."