వేలికి తగలని అక్షరం

పంపాపతికి మూడేళ్లుగా ఒకటే దిగులు. బోగీకి రంగు వేసేది తను. అడుగున గుర్తు మాత్రం ఉస్తాద్‌ది.

ఇవి జనాన్ని మోసే బోగీలు కావు. మూరెడు పొడవుండే బొమ్మ బోగీలు, వ్యాగన్లు. ఎప్పుడో ఎవరో రేకుతోనో చెక్కతోనో చేసినవి, అటక మీద పడి తుప్పు పట్టినవి. వాటికి మళ్లీ రంగు వేయించుకోవాలంటే గుంతకల్లులో స్టేషన్ వెనక వీధికి రావాల్సిందే. అక్కడ దస్తగిరి సాహెబు ఉంటాడు. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో అసలు వ్యాగన్ల మీద నంబర్లు రాసిన మనిషి. రిటైరయ్యాక ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, ఆ పనే చిన్న కొలతల్లో చేస్తున్నాడు.

పంపాపతి అసలు వృత్తి పళ్లు చేయడం. డాక్టర్లు అచ్చులు పంపిస్తే ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేసి ఇస్తాడు. ఆదోని నుంచి బళ్లారి దాకా నవ్వేవాళ్లలో సగంమంది తన పళ్లతోనే నవ్వుతున్నారని అతని నమ్మకం. లెక్క ఎవరు తీశారో తెలియదు కానీ, చేతిలో పనితనం ఉన్న మాట నిజం. నలభై ఏళ్ల వయసులో, ఒక ఆదివారం షెడ్డు ముందు ఆగి, ఆ రోజంతా అక్కడే నిలబడిపోయి, మర్నాటి నుంచి శిష్యుడైపోయాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. రంగు ఎవరు వేసినా సరే, నంబరు రాసినవాడే బండి అడుగున తన గుర్తు పెడతాడు. నంబర్లన్నీ దస్తగిరి రాసేవాడు. అందుకని ప్రతి బండి కిందా 'ద' అనే అక్షరమే ఉండేది.

తన 'ప' ఎప్పుడు పడుతుందా అని పంపాపతి మూడేళ్లు చూశాడు. చివరికి ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, ఈసారి వచ్చే బండికి నంబరు నేను రాస్తా."

దస్తగిరి బ్రష్షు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"రాయప్పా. కింద గుర్తు కూడా నీదే పెట్టుకో."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని తెలిస్తే రెండేళ్ల ముందే అడిగేవాణ్ని కదా అని పంపాపతి ఇంటికి పోయేదాకా తనను తాను తిట్టుకున్నాడు.

ఆ వారంలోనే గార్డు జకరయ్య వచ్చాడు. గూడ్సు బండ్లకు గార్డుగా చేసి ఎప్పుడో రిటైరైన మనిషి. కూతురు రూతమ్మ ఆటోలో వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఒడిలో, తువ్వాల్లో చుట్టి, ఒక బ్రేక్ వ్యాన్ ఉంది. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే పెట్టె అది. రెండు వైపులా చిన్న వరండాలు, ఇనప కమ్మీలు, వెనక దీపం తగిలించే కొక్కెం. సర్వీసులో ఉన్నప్పుడు, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య దొరికిన తీరికలో, టేకు చెక్కతో నూనె డబ్బా రేకుతో తన చేతులతోనే చేసుకున్నాడట.

"తడిమితే పొట్టు రాలుతోందప్పా," అన్నాడు జకరయ్య. "చేతులంతా అయితాండాది. కాస్త కొత్త రంగు వేసి ఇయ్యండి. నంబరు మాత్రం మార్చొద్దు. నా మొదటి డ్యూటీ బండి నంబరది."

పంపాపతి అప్పటికే వ్యాన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. రంగు పొరలుపొరలుగా లేచింది. అక్షరాలు లావుగా, పాతకాలపు ధోరణిలో ఉబ్బి ఉన్నాయి. ఇంత మంచి పనితనం మీద ఇంత మొద్దు రాతా అనుకున్నాడు. ఆ పెద్దాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇతను వ్యాన్ చక్రాలు తిప్పి చూస్తూ ఊఁ కొట్టాడు.

ఆ పని షెడ్డులో చేయలేదు. తన ల్యాబుకు పట్టుకుపోయాడు. ఉస్తాద్ చెయ్యి పడకూడదని పట్టుదల.

పాత రంగంతా ఊడగొట్టాడు. ఎమిరీ పేపరు పెట్టి చెక్కను, రేకును అద్దంలా నున్నగా చేశాడు. సొట్టలకు లప్పం పెట్టాడు. అడుగున మురికి కింద ఒక పాత 'ద' కనిపించింది. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట, ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఉస్తాద్ స్నేహితుడు జకరయ్య కోసం రాసిన నంబరన్నమాట ఇది. పంపాపతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈ బండికి గుర్తు నీదే అని ఆయనే అన్నాడు కదా అని సర్దిచెప్పుకుని దాన్ని కూడా రుద్దేశాడు.

ఎర్రమట్టి రంగు గాలిమిషన్‌తో పొగమంచులా పట్టించాడు. నంబరుకు అచ్చు కత్తిరించి, తెలుపు ఒక్క పూతలో కొట్టాడు. బి.వి.జి. 17042. పైన వార్నీషు. కట్టుడు పన్ను ఎక్కడ మొదలైందో నాలుకకు తెలియకూడదన్నది అతని వృత్తి ధర్మం. ఇక్కడా అదే పాటించాడు. రంగెక్కడ ఆగిందో, అక్షరమెక్కడ మొదలైందో వేలికి తెలియదు. చివర వ్యాన్‌ను తిరగేసి 'ప' రాసుకున్నాడు. రాసి, దానికేసి చాలాసేపు చూసుకున్నాడు.

సోమవారం పొద్దున షెడ్డుకు తెచ్చాడు. అబద్ధం ఎందుకు, ఆ పని చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. ఎదురింటి టైలరు మిషను ఆపి మరీ వచ్చి చూసిపోయాడు. పంపాపతికి కాళ్లు నేల మీద నిలవలేదు.

దస్తగిరి వ్యాన్‌ను వెలుతురుకు పట్టుకుని చూశాడు. కమ్మీలు చూశాడు. కొక్కెం చూశాడు. తిరగేసి అడుగున చూశాడు. అక్కడ కాస్త ఎక్కువసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, రెండు మడతలు పెట్టి, పంపాపతి కళ్లకు కట్టాడు.

"ఇదేంది ఉస్తాద్?"

"కూర్చో."

పంపాపతి స్టూలు తడుముకుని కూర్చున్నాడు. చేతుల్లో వ్యాన్ పెట్టాడు దస్తగిరి.

"నంబరు చదువు."

"పదిహేడు వేల నలభై..."

"తెలిసింది చెప్పొద్దు. చదువు."

పంపాపతి వేలితో తడిమాడు. ఈ పక్క తడిమాడు. ఆ పక్క తడిమాడు. ఎక్కడ చూసినా నున్నగా జారిపోతోంది. ఇది ముందు వైపో వెనక వైపో కూడా తెలియలేదు. తను నేర్చిన విద్యంతా వేలి కింద ఉంది, ఒక్క అంకె దొరకలేదు.

దస్తగిరి దాన్ని తీసుకుని ఇంకొకటి పెట్టాడు. ఏదో పాత బొగ్గు వ్యాగన్. గరుగ్గా, అక్కడక్కడ సొట్టలతో ఉంది. పంపాపతి వేలు దాని పక్కన పాకుతూ పాకుతూ ఒక చోట ఆగింది.

"మూడు," అన్నాడు. "కాదు, ఎనిమిది. తర్వాత ఒకటి. సున్నా. మళ్లీ ఎనిమిది."

"ఊఁ," అన్నాడు దస్తగిరి.

ఆయన రాత పద్ధతే అది. బొగ్గు దుమ్ములో తెలుపు నల్లబడినా నంబరు నిలవాలని, ఒక పూత ఆరాక దాని మీదే ఇంకొకటి, అలా నాలుగైదు పూతలు రాసేవాడు. కొత్తవాళ్లు అది మొద్దు రాత అని నవ్వుకునేవాళ్లు. పంపాపతీ నవ్వుకున్నవాడే.

తువ్వాలు విప్పి భుజం మీద వేసుకుంటూ దస్తగిరి ఒక్క మాటన్నాడు.

"జకరయ్య శనివారం వస్తాడు."

అప్పుడు గుర్తుకొచ్చింది పంపాపతికి. ఆ రోజు ఆయన నల్ల కళ్లద్దాలు తీయనేలేదు. గుంతకల్లు ఎండకు పెట్టుకున్నాడేమో అనుకున్నాడు. రూతమ్మ మోచెయ్యి పట్టుకుని గడప దాటించింది. వయసు మీద పడింది కదా అనుకున్నాడు. తడిమితే పొట్టు రాలుతోందని ఆయన నోటితోనే చెప్పాడు. ఎవరైనా బొమ్మను చూస్తారు గానీ రోజూ తడుముతారా? ఆయనకు చూపు లేదని ఇతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని ఎవరికీ తోచలేదు, కళ్లున్న వాళ్లందరికీ కనిపిస్తోంది కాబట్టి. తను మాత్రం చక్రాలు తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ ముసలాయన ఇన్నేళ్లు రోజూ చదువుకున్న నంబరును తను ఎమిరీ పేపరుతో రుద్ది పారేశాడు. పైగా దాని మీద వార్నీషు.

వ్యాన్‌ను తువ్వాల్లో చుట్టి లేవబోయాడు. ల్యాబుకు తీసుకుపోదామని.

"యాడికి?" అన్నాడు దస్తగిరి. "ఈడ చేయి."

ఆయన తెల్ల ఎనామిల్ డబ్బా మూత తీశాడు. కాస్త రంగు ఒక మూతలో పోసి ఎండలో పెట్టాడు, చిక్కబడాలని. అంతే. ఇక ఆ పక్కకు రాలేదు.

పంపాపతి వారం పాటు ల్యాబుకు తాళం వేశాడు. ముగ్గురు డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. వాళ్ల పేషెంట్లు నాలుగు రోజులు మెత్తని అన్నం తిన్నారు.

తన అక్షరాలు తనే రుద్దేశాడు. ఉడుత వెంట్రుకల బ్రష్షు పట్టుకుని, ఎడమ మణికట్టు మీద కుడి చెయ్యి ఆనించి, అచ్చు లేకుండా రాయడం మొదలుపెట్టాడు. మంగళవారం ఒక పూత. అది రాత్రంతా ఆరితే బుధవారం దాని మీద ఇంకొకటి. అంచు వెంట్రుకంత పక్కకు జరిగితే వేలికి రెండు గీతలు తగులుతాయి. జరిగింది కూడా. బుధవారం సున్నా వంకరపోయింది. గుడ్డతో తుడిచి మొదటి నుంచి రాశాడు. ప్రతి పూతా ఆరాక కళ్లు మూసుకుని తడిమి చూసుకునేవాడు. మొదట్లో ఏమీ తెలిసేది కాదు. గురువారం ఏడు తెలిసింది. శుక్రవారం పొద్దున నాలుగు తెలిసింది. సాయంత్రం ఆఖరి పూత వేశాడు. శనివారం లేస్తూనే షెడ్డుకు వచ్చి తడిమితే మొత్తం నంబరు చేతికి వచ్చింది. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక చాలాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

తర్వాత వ్యాన్‌ను తిరగేశాడు. తన 'ప' అక్కడ మెరుస్తోంది. దాన్ని రుద్దేశాడు. ఆ చోట మళ్లీ 'ద' రాద్దామని బ్రష్షు ముంచాడు. ఒకరి గుర్తు ఇంకొకరు పెట్టేది కాదని తోచి కడిగి పక్కన పెట్టాడు. ఉన్నదాన్ని తీసేసిన చెయ్యి తనదే. ఇక ఆ చోటు ఖాళీగా ఉండడమే న్యాయం అనుకున్నాడు.

పది గంటలకు ఆటో ఆగింది. ఈసారి పంపాపతే ఎదురుపోయి జకరయ్య మోచెయ్యి పట్టుకుని గడప దాటించాడు.

"జాగర్త సార్, మెట్టుంది."

"తెలుసప్పా," అన్నాడు జకరయ్య.

ఆయన కుర్చీలో కూర్చుని ఒళ్లో తువ్వాలు పరుచుకున్నాడు. పంపాపతి వ్యాన్‌ను తెచ్చి పెట్టాడు. రూతమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

జకరయ్య ముందు చక్రాలు తడిమాడు. తర్వాత వరండా కమ్మీలు, ఒక్కొక్కటే. కొక్కెం దగ్గర వేలు ఆగింది, ఉందా లేదా అన్నట్టు. తర్వాత చెయ్యి పక్కకు జరిగింది.

"బి," అన్నాడు. "వి. జి."

పంపాపతి మనసులోనే ఆయనతో పాటు చదువుతున్నాడు.

"ఒకటి. ఏడు. సున్నా." ఆయన గొంతు పెరుగుతోంది. "నాలుగు. రెండు!"

ముసలాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. గడ్డం పైకి లేచింది. గార్డు డబ్బాలోంచి పచ్చ జెండా ఊపబోయే మనిషిలా కూర్చున్నాడు. రూతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా బండి," అన్నాడు జకరయ్య. "నా బండే."

మళ్లీ ఒకసారి నంబరంతా తడిమాడు. ఈసారి నెమ్మదిగా. ఒక అంకె దగ్గర ఆగాడు.

"దస్తగిరీ, ఇది నీ చెయ్యి కాదే. నీ నాలుగంకెకి కాలు పొడుగుంటాది. ఇది పొట్టిగా ఉండాది. ఎవరు రాసినారు?"

"మా పంపాపతి," అన్నాడు దస్తగిరి.

మూడేళ్లలో 'మా' అన్నది అదే మొదటిసారి. పంపాపతి గోడ వైపు తిరిగాడు.

"నీకన్నా బాగా రాసినాడప్పా," అన్నాడు జకరయ్య.

"రాయడా మరి!" అన్నాడు దస్తగిరి. తన రాతను ఎవరైనా మెచ్చుకుంటే ఎప్పుడూ పలకని మనిషి, ఆ రోజు మీసం దువ్వుకున్నాడు.

జకరయ్య వ్యాన్‌ను తిరగేశాడు. అడుగున వేలు అటూ ఇటూ తిరిగింది. మళ్లీ తిరిగింది.

"ఈడ నీ 'ద' ఉండేది కదా?"

చెప్పాలి, తనే తీసేశానని చెప్పాలి. పంపాపతి ఒక అడుగు ముందుకేశాడు.

"నేనే సార్... రుద్దేసినా. నా గుర్తు పెట్టుకుందామని."

"మరి నీదీ లేదే?"

"అదీ తీసేసినా సార్."

జకరయ్య వ్యాన్‌ను అలాగే తిరగేసి పట్టుకుని దస్తగిరి వైపు చాచాడు. దస్తగిరి అందుకోలేదు. బల్ల దగ్గరికి పోయి, ఉడుత వెంట్రుకల బ్రష్షు తీసి, మూతలోని చిక్కటి తెలుపులో ముంచి, పంపాపతి వేళ్ల మధ్య పెట్టాడు.

"నా రాత పోయిందప్పా. ఇప్పుడు నంబరు నీది, గుర్తూ నీదే."

పంపాపతి గుర్తు పెట్టాల్సిన చోట బ్రష్షు ఆనించలేక ఆగిపోయాడు.

దస్తగిరి అతని మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించాడు.

"రాయి," అన్నాడు. "వేలికి తగిలేట్టు రాయి."