పొట్టు తీయని కానుక

చర్చిలో కానుక వేసేటప్పుడు నేను గట్టిగా దగ్గుతాను. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేతికి తెలియకూడదంటారు కదా. దగ్గితే అందరూ నా మొహం వైపు చూస్తారు, చేతివైపు ఎవరూ చూడరు. ఇంత నిష్ఠగా గుప్తదానం చేసేవాడు మా సంఘంలో ఇంకొకడు లేడు.

చెప్పబోయే కథలోనూ ఒక దగ్గేవాడున్నాడు. అతను నేను కాను. నాకంటే కాస్త పొడుగు.

కొండ కింద ఒక ఊరు, కొండ మీద ఒక ఊరు. కింది ఊరికి వాగు ఉంది. పై ఊరికి ఒక మబ్బు ఉంది. అది ఏడాదికొకసారి వచ్చి కొండ భుజమ్మీద కూర్చుని, "విత్తారా?" అని అడిగేది. విత్తితే కురిసేది. లేకపోతే కుచ్చెళ్లు దులుపుకుని లేచిపోయేది.

ఒక కరువులో పై ఊరివాళ్లు విత్తనాలు కూడా వండుకు తిన్నారు. అప్పట్నుంచీ మబ్బు అడుగుతూనే ఉంది, వాళ్లు తల దించుకుంటూనే ఉన్నారు.

కింది ఊళ్లో ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి దేవుడికని ఒక పిడికెడు తీసి ముంతలో వేసేవాళ్లు. ఆదివారం ముంతలన్నీ చర్చిలో పెద్దకుండలోకి వంగేవి. దేవుడికిచ్చేది కదా అని మళ్లీ మళ్లీ దంచి, చెరిగి, మల్లెమొగ్గల్లా చేసి మరీ వేసేవాళ్లు. పొట్టున్న గింజ ఒక్కటి కనపడినా ఆ ఇంటికి నామర్దా.

ఆ కుండ నెత్తినెత్తుకుని పై ఊరికి మోసేవాడే మన దగ్గేవాడు. పైకి చేరగానే దగ్గేవాడు. జనం వచ్చి వరసగా నిలబడి కొంగులూ కండువాలూ పట్టేవాళ్లు. అందరి తలలూ వంగి ఉండేవి. ప్రార్థన చేసుకుంటున్నారనుకుని అతను మురిసిపోయేవాడు.

ఒక అవ్వ మాత్రం కొంగు ఇటు పట్టి, మొహం చేను మీది ఆకాశంవైపు పెట్టేది.

"ఇటు చూడవ్వా. ఇచ్చేవాడి మొహం చూడాలి," అన్నాడతను ఒకరోజు.

"నీ మొహం వారం వారం వస్తుంది నాయనా. ఆ మబ్బు పోతే మళ్లీ ఏడాదికే."

అతను తలెత్తాడు. మబ్బు నిజంగానే వచ్చి కూర్చునుంది. తడిసిన గొంగడి వాసనేస్తోంది.

"ఈసారి బియ్యం వద్దు. వడ్లు తేగలవా?" అంది అవ్వ.

"వడ్లా! దేవుడి కుండలో పొట్టుతో ఎలా పోస్తారవ్వా?"

"మొలవాలంటే గింజకి దాని బట్ట దాని ఒంటిమీదుండాలి నాయనా. మీరేమో ఒలిచి తెస్తున్నారు."

దిగేటప్పుడు ఖాళీ కుండ బరువెక్కింది. "వడ్లిస్తే మొలుస్తాయి. మొలిస్తే ఇక నీ దగ్గు ఎవరు వింటారు?" అంది లోపల్నుంచి. కుండకి బుర్ర ఉండదంటారు గానీ, అతని మనసులో మాట ఇట్టే పట్టేసింది.

అయినా ఆదివారం చర్చిలో లేచి, నసుగుతూనే, అవ్వ అడిగింది చెప్పాడు. సంఘపెద్ద గుర్రుమన్నాడు.

"విత్తనాలిస్తే వండుకు తినేస్తారు!"

"ఆకలేస్తే తింటారు బాబాయ్. మనం తినమా?" అంది పాస్టరమ్మగారు.

"అది సరేనమ్మా. దేవుడికి పొట్టుతో కానుకా? మర్యాదేనా?"

"దేవుడు మనకెప్పుడైనా ఒలిచి ఇచ్చాడా బాబాయ్?"

పెద్దాయన నోరు తెరిచాడు. "ఆమెన్" అని కూర్చున్నాడు.

ఆమె ఇంటికెళ్లి, గాదెలో విత్తనానికని దాచిన వడ్లు చేటనిండా తెచ్చి కుండలో పోసింది. తాటాకు కప్పు మీద వాన మొదలైనట్టు చప్పుడైంది. ఆ చప్పుడు విన్నాక మిగతావాళ్లు బెంచీల్లో కూర్చోలేకపోయారు. అందరికంటే లావు గింజలు పెద్దాయనవే. ఆ సంగతి ఆయనే చెప్పాడు.

దగ్గేవాడు కొండెక్కుతుంటే మబ్బు లేచి కుచ్చెళ్లు దులుపుకుంటోంది. అతను పరిగెత్తాడు. పైకి చేరేసరికి, జీవితంలో మొదటిసారి, దగ్గడానికి ఊపిరి లేదు.

వరసలో ఎవరూ లేరు. అందరూ దున్నిన చేలో ఉన్నారు. అతను మధ్యలో నిలబడి, ఊపిరి తెచ్చుకుని, ఎలాగో దగ్గాడు. ఎవరూ తిరగలేదు.

అవ్వ వచ్చి కుండ దించుకుంది. "కొంచెం జరుగు నాయనా, నాగటిచాలు తొక్కుతున్నావు," అంది.

తలా దోసెడు తీసుకుని చల్లారు. కొండ దాటబోతున్న మబ్బు అలవాటుగా అడిగింది: "విత్తారా?"

వంగి ఉన్న తలలన్నీ ఒక్కసారి లేచాయి. "విత్తాం!"

మబ్బు మళ్లీ కూర్చుంది.

కోతలయ్యాక కూడా అతను అలవాటు కొద్దీ బియ్యం కుండెత్తుకుని ఎక్కాడు. ప్రతి ఇంటి మీదా వంటపొగ. దగ్గాడు. ఎవరూ రాలేదు. ఇంకాస్త గట్టిగా దగ్గాడు.

"బయట నిలబడి ఎందుకు, లోపలికి రా," అంది అవ్వ గడపలోంచి.

ఆకు వేసింది. కొత్తబియ్యం అన్నం ఉడుకుతోంది. అది దించేలోగా గంపలోంచి దోసెడు వడ్లు తీసి, అతని కుండ పక్కన మూటగట్టి పెట్టింది.

"అవతలి కొండవాళ్లకి. వాళ్ల మబ్బు కూడా వచ్చే వేళయింది. పొట్టు తీయకు."

అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దగ్గాడు.

"ఏంది నాయనా, పొట్టు గొంతులో పడిందా?" అని చెంబు జరిపింది.

అతను తల వంచుకుని తిన్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంది అవ్వ.

అతను నాకంటే పొడుగన్నాను కదా. కాదు. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. వడ్లు ఇవ్వడం ఎలాగో నేర్చుకున్నాను. ఒకరు పెట్టింది తలెత్తి తినడం మాత్రం నాకింకా రాలేదు.